పదో రోజు తర్వాత ఏం చేస్తారో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికల ప్రచారంలో తుపాను మాట ఎత్తితే అభ్యర్థులు చెప్పేది దాదాపు ఒకటే. బియ్యం పంచాం, పప్పు, నూనె ఇచ్చాం, టార్పాలిన్లు తెప్పించాం, రాత్రంతా గట్టు మీదే ఉన్నాం అంటారు. అవన్నీ కావలసినవే, ఎవరూ కాదనరు. అయితే పునరావాస కేంద్రం వారం పది రోజులకు మూసేస్తారు. జనం ఇంటికి వెళ్లి చూసుకునేది ఆ తర్వాతే. కూలిన గోడ, ఇసుక మేట వేసిన చేను, తేలిపోయిన పడవ, తడిసి ముద్దయిన పాసు పుస్తకం అప్పుడు కనబడతాయి. అక్కడి నుంచి రెండు మూడేళ్లు సాగే పని గురించి ఒక్క అభ్యర్థి కూడా వివరంగా మాట్లాడడం లేదు. ఓటు అడగడానికి వచ్చినవారిని ఆ పని గురించే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ తాకింది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్, 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటాయి. ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టర్లు, జనాన్ని ఖాళీ చేయించే పద్ధతి మెరుగుపడ్డాయి కాబట్టి ప్రాణనష్టం చాలా తగ్గింది. దానికి కష్టపడిన ప్రతి ఉద్యోగికీ దండం పెట్టాలి. మళ్లీ నిలదొక్కుకునే విషయంలో మాత్రం అంత ముందడుగు పడలేదు.

అన్నిటికీ మొదలు నష్టం లెక్క, అంటే ఎన్యూమరేషన్. ఇంటి డబ్బు, పంట డబ్బు, బ్యాంకు అప్పు రీషెడ్యూలు అన్నీ ఆ జాబితా నుంచే వస్తాయి. అందులో పేరు లేకపోతే ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ఫైలు కదలడం కష్టం. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి రూ.1,20,000. కనీసం 15 శాతం దెబ్బతిని పాక్షికం కింద రాస్తే పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000. గుడిసె అయితే రూ.8,000. పక్కా ఇంటి విషయంలో ‘పూర్తి’, ‘పాక్షికం’ అనే రెండు గడుల మధ్య తేడా లక్షా 13 వేల 500 రూపాయలు. అంత డబ్బు ఎటు పోవాలో తేల్చే టిక్కును, సాయంత్రంలోగా ఊరంతా పూర్తి చేయమన్న ఒత్తిడిలో, ఇంటికి కొన్ని నిమిషాలైనా దొరకని ఉద్యోగి పెడుతున్నాడు.

ఇక్కడ జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా పెద్దది మట్టి గోడల విషయంలో జరుగుతుంది. నీళ్లలో నానిన మట్టి గోడ, మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ వరద ఉన్నన్నాళ్లు నిలబడే ఉండవచ్చు. నీళ్లు తీసి, ఎండ కాసి, మట్టి బిగుసుకునేటప్పుడు అది పగులుతుంది. పునాది కింద మన్ను కుంగి గోడ పక్కకు ఒరుగుతుంది. రెండు మూడు వారాల తర్వాత కూలుతుంది. అప్పటికే బృందం వచ్చి ఫొటో తీసి, ‘గోడలు ఉన్నాయి’ అని పాక్షికం రాసి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి లెక్క ఒక్కసారితో ముగియకూడదు. నీళ్లు తీసిన వారంలోపు ఒకసారి, నెల తర్వాత మరోసారి చూడాలి. రెండోసారి ఇంజనీరింగ్ అసిస్టెంట్ తప్పకుండా ఉండాలి. గోడ ఎంత ఒరిగిందో చూడడానికి తూకం గుండు వేలాడదీస్తే చాలు, ఐదు నిమిషాల పని. ఆ రెండో పరిశీలన చేయిస్తారా అని అభ్యర్థిని అడగండి.

జాబితా నుంచి జారిపోయేవారు ఎవరో కూడా ముందే తెలుసు. ఒకే కప్పు కింద వేరు పొయ్యిలు పెట్టుకున్న ఇద్దరు కొడుకుల కుటుంబాలు ఒకటిగా లెక్కకు వస్తాయి. అద్దెకున్నవారికి ఇల్లు లేదు గనుక నష్టమే లేనట్టు చూస్తారు. కాలువ గట్టు మీద, డ్రెయిన్ పోరంబోకులో ఇరవై ఏళ్లుగా ఉన్నవారికి పట్టా లేదు. దెబ్బతిన్న ఇల్లు అధికారికంగా అనుమతి ఉన్న కట్టడమై ఉండాలని కేంద్ర నిబంధన చెబుతుంది. వరద మొదట ముంచేది గట్టు మీది ఇళ్లనే, నిబంధన మొదట పక్కన పెట్టేదీ వాటినే. వలస వెళ్లినవారి ఇంటికి తాళం ఉంటుంది, ‘డోర్ లాక్’ అని రాసి ముందుకు పోతారు. ఈ నాలుగు రకాల కుటుంబాలకు నాలుగు వేర్వేరు పరిష్కారాలు కావాలి. ‘అర్హులందరికీ న్యాయం’ అన్న మాట వాటిలో ఒక్కటి కూడా కాదు. ముసాయిదా జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించాలి, గ్రామసభలో చదివి వినిపించాలి, అభ్యంతరాలకు కనీసం పది రోజులు ఇవ్వాలి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. సర్పంచిగా పోటీ చేస్తున్నవారు చేయగలిగిన పని ఇది. దీనికి పైనుంచి పైసా రానక్కర లేదు.

ఇక ఇల్లు. జాబితాలో పేరు వచ్చినా ఇల్లు లేవదు, ఎందుకో చూడండి. ఒక మండలంలో వెయ్యి ఇళ్లు ఒకే నెలలో మొదలవుతాయి. మేస్త్రీలు చాలరు. ఇసుక, కంకర రేటు ఎక్కుతుంది. ఇటుక బట్టీల్లో అచ్చుపోసి ఆరబెట్టిన పచ్చి ఇటుకంతా వానకు కరిగి మళ్లీ మట్టే అయిపోతుంది, కొత్త ఇటుక సంక్రాంతి దాటితే గాని రాదు. మొదటి విడత డబ్బుతో బేస్‌మెంట్ లేపుతారు. రెండో విడత బిల్లు ఆలస్యమవుతుంది. కాలమ్ చువ్వలు తలెత్తుకుని తుప్పు పడుతుంటాయి. గోడలు కప్పు లేకుండా మరో వానాకాలం తడుస్తాయి. కుటుంబం వడ్డీకి తెచ్చి కప్పు వేసుకుంటుంది, లేదంటే పక్కనే వేసుకున్న రేకుల షెడ్డే శాశ్వతమవుతుంది. అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని ఇళ్లు మంజూరు చేయిస్తారు’ అని కాదు. కట్టిన పని ఫొటో అప్‌లోడ్ అయిన ఎన్ని రోజుల్లో విడత డబ్బు ఖాతాలో పడేలా చూస్తారు, ఇన్ని ఇళ్లకు ఒక ఇంజనీరు అని ఎంతమందిని పెట్టిస్తారు, సిమెంటు, ఇనుము మండల కేంద్రంలో ముందుగా నిల్వ ఉంచుతారా అని అడగాలి.

2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లో చాలా ఇళ్లను కాంట్రాక్టరు చేతికి ఇవ్వకుండా ఇంటివారి చేతనే కట్టించారు. డబ్బు మూడు విడతలుగా ఇచ్చారు, ప్రతి విడతకు ముందు ఇంజనీరు చూసి సర్టిఫై చేశాడు, మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. భూకంపానికి తట్టుకునే పట్టీలు వేస్తేనే తరువాతి విడత విడుదలైంది. మన తీరంలో భూకంపం పట్టీల స్థానంలో గాలికి తట్టుకునే బిగింపులు రావాలి. పద్ధతి అదే.

ఆ బిగింపుల సంగతి కొంచెం దగ్గరగా చెప్పుకోవాలి. తుపానులో రేకుల కప్పు పైనుంచి బరువు పడి విరగదు. కిందినుంచి లేచిపోతుంది. గాలి కప్పు మీదుగా దూసుకుపోయేటప్పుడు పైన పీడనం తగ్గి రేకును పైకి గుంజుతుంది. అదే సమయానికి గాలివాటు తలుపో కిటికీయో ఊడితే, లోపలికి చొరబడిన గాలి కిందినుంచి తోస్తుంది. రెండూ కలిస్తే రేకు నిలవదు. గుంజుడు అన్నిటికన్నా ఎక్కువ ఉండేది చూరు అంచున, కొప్పు దగ్గర, మూలల్లో. మన ఊళ్లలో బోల్టులు తక్కువ వేసేది కూడా అక్కడే. మేకులతో కొట్టిన రేకు మేకుతో సహా ఊడుతుంది. అందుకే పర్లిన్ (రేకుల కింద అడ్డంగా వేసే కడ్డీ) చుట్టూ తిరిగి పట్టుకునే జే బోల్టు వేయాలి, పైన బిగించే నట్టు కింద వెడల్పాటి వాషరు ఉండాలి. పర్లిన్‌ను దూలానికి, దూలాన్ని గోడ మీది కాంక్రీటు పట్టీకి ఇనుప బద్దీతో కట్టాలి. ఈ గొలుసులో ఒక్క లంకె వదులైనా మిగతావన్నీ దండగే. చూరు ఒకటిన్నర అడుగు దాటి బయటికి సాగకూడదు. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు గాలికి బాగా నిలుస్తుంది. తక్కువ ఎత్తు ఇళ్లు తుపానుకు తట్టుకునేలా కట్టడానికి ఐఎస్ 15498 అనే భారతీయ ప్రమాణం 2004 నుంచే ఉంది. పునర్నిర్మాణ ఇళ్ల అంచనాలో ఈ బోల్టులు, బద్దీల పద్దు విడిగా కనబడాలి. కనబడకపోతే ఆ ఇంటిని మళ్లీ పాత పద్ధతిలోనే కడతారు, తర్వాతి తుపానులో అది మళ్లీ జాబితాకు ఎక్కుతుంది.

కాంక్రీటు ఇంటికి ఇంకో గండం ఉంది, ఉప్పు. ఉప్పెన వచ్చిన ఊళ్లో బావి నీళ్లు ఉప్పదేరి ఉంటాయి. ఆ నీళ్లతో, లేదా కాలువ మొగ దగ్గరి ఉప్పు ఇసుకతో స్లాబు పోస్తే చూడడానికి బాగానే ఉంటుంది. కొన్నేళ్లకు లోపలి చువ్వ తుప్పెక్కి ఉబ్బి, స్లాబు అడుగు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. కాబట్టి పని జరిగేచోటికి మంచినీటి ట్యాంకరు రావాలి, అది కలపడానికి మాత్రమే కాదు, తడపడానికి కూడా. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకు పది నుంచి పద్నాలుగు రోజులు తడపాలి. నీళ్లు తెచ్చుకునే శక్తి లేని ఇంట్లో రెండో రోజుకే తడపడం ఆపేస్తారు. ట్యాంకరు పద్దు చిన్నదే, కానీ దాని మీద ఇంటి ఆయుష్షు ఆధారపడి ఉంది. పునాది అరుగు ఎత్తు కూడా ఇలాంటిదే. ఆ ఊళ్లో ఇప్పటిదాకా వచ్చిన అతి ఎత్తైన వరద గుర్తుకు పైన అరుగు ఉండాలి. ఆ గుర్తును ప్రతి వీధిలో ఒక పక్కా గోడ మీద రంగుతో గీయించమని అడగండి, ఒక డబ్బా పెయింటుతో అయిపోతుంది.

చేలకు వద్దాం. ఇసుక మేట మూడంగుళాలకు మించితే మేట తీయడానికి హెక్టారుకు రూ.18,000 ఇవ్వవచ్చని అవే నిబంధనలు చెబుతాయి. లెక్క వేయండి. ఎకరంలో మూడంగుళాల మేట అంటే దాదాపు 10,900 ఘనపుటడుగుల ఇసుక. వంద అడుగుల ట్రాక్టరు ట్రక్కుతో ఎత్తితే 109 ట్రిప్పులు. ఎకరానికి వచ్చేది సుమారు రూ.7,300. అంటే ఎత్తడం, తోలడం, దింపడం అన్నీ కలిపి ట్రిప్పుకు అరవై ఏడు రూపాయలు. ఈ రేటుకు మేట తీసే ట్రాక్టరు ఎక్కడుందో అభ్యర్థులు చూపించాలి. పైగా మేట కొలిచేవారు రాకముందే రైతు తీసేసుకుంటే ఆధారం ఉండదు, వచ్చేదాకా ఆగితే అదును పోతుంది. నీళ్లు తీసిన పది రోజుల్లో కొలత పూర్తి కావాలి. తీసిన ఇసుకను పంచాయతీ ఇళ్ల నిర్మాణానికి వాడుకునే ఏర్పాటు చేస్తే రెండు పనులూ తీరతాయి. ఈ అనుమతి ముందుగానే తీసి ఉంచాలి, తుపాను వచ్చాక వెతుక్కుంటే దొరకదు.

పంట నష్టం 33 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటేనే పెట్టుబడి సాయం. కేంద్ర రేటు వర్షాధారానికి హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000, శాశ్వత తోటలకు రూ.22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. రాష్ట్రం తన వంతుగా పెంచి ఇవ్వవచ్చు. రేటు ఎంతైనా అది ఎవరి ఖాతాలో పడుతుందన్నదే డెల్టాలో అసలు ప్రశ్న. సాగు చేసేది కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద 11 నెలలకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. చాలాచోట్ల యజమాని సంతకం పెట్టడు. ఈ-పంట అనే ప్రభుత్వ పంట నమోదులో యజమాని పేరే ఎక్కుతుంది. విత్తనం, ఎరువు, కోత కూలి అన్నీ అప్పు తెచ్చి పెట్టినవాడికి ఏమీ రాదు. యజమాని సంతకంతో పని లేకుండా, పక్క చేను రైతుల సాక్ష్యంతో, గ్రామసభ ధ్రువీకరణతో సాయం ఇస్తారా? అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పగల ప్రశ్న ఇది.

సముద్రపు నీరు ఎక్కిన చేను వేరు. గట్లు సరిచేసి, మంచినీళ్లు నిలగట్టి, డ్రెయిన్‌లోకి వదిలేయాలి. ఉప్పు దిగేదాకా అలా మళ్లీ మళ్లీ కడగాలి. తర్వాత జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నాలి. మట్టి పరీక్షలో లవణ సాంద్రత (ఈసీ) మీటరుకు 4 డెసీసీమెన్లు దాటకుండా ఉంటే వరికి ధైర్యం చేయవచ్చు. అయితే కడిగిన నీళ్లు పోవడానికి దారి ఉండాలి కదా. గుర్రపుడెక్క అల్లుకుని, పూడిక నిండి, రెండు వైపులా చెరువుల గట్లు ముందుకు జరిగిన డ్రెయిన్ పొలం కన్నా ఎత్తుగా ఉంటే ఉప్పు నీళ్లు తిరిగి చేలోకే వస్తాయి. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటిన నాడు బుడమేరు గండ్లు విజయవాడను ఎలా ముంచాయో చూశాం. డ్రెయిన్ల పనులు మే నెలలోగా ముగియాలి. జూన్‌లో మొదలుపెట్టి, పూడిక గట్టు మీదే పోసి, మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారే పనికి బిల్లు ఇవ్వకూడదు.

మత్స్యకారుల సంగతి క్లుప్తంగా. పూర్తిగా పోయిన పడవకు అవే కేంద్ర నిబంధనలు ఇచ్చేది రూ.15,000, మరమ్మతుకు రూ.6,000. ఇంజనుతో కూడిన ఫైబరు పడవ ఉన్న ఎవరినైనా అడగండి, ఈ డబ్బు దేనికి సరిపోతుందో చెబుతారు. నవంబరులో పోయిన పడవ ఫిబ్రవరికల్లా నీళ్లలో దిగకపోతే ఆ ఏడాది వేట పోయినట్టే, ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. రిజిస్ట్రేషన్ లేని పడవకు సాయం దొరకడం కష్టం కనుక వేట లేని ఆ రెండు నెలల్లోనే రేవుల్లో శిబిరాలు పెట్టి నమోదు చేయాలి. తీరానికి దూరంగా కాలనీ కట్టి తరలించేటప్పుడు పడవ, వల, ఇంజను ఎక్కడ పెట్టుకోవాలి, ఆడవాళ్లు చేపలు ఎక్కడ ఎండబెట్టాలి అన్నది లేఅవుట్‌లోనే ఉండాలి. అది లేని కాలనీలకు తాళం వేసి, ఒడ్డున మళ్లీ పాక వేసుకుంటారు. తప్పు వారిది కాదు.

డబ్బు ఎక్కడిది అని అభ్యర్థులు అడ్డం తిరగవచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్ర విపత్తు నిధిని విభజించింది. మొత్తంలో 20 శాతం ముప్పు తగ్గించే పనులకు, 40 శాతం తక్షణ సహాయానికి, 10 శాతం సన్నద్ధతకు, అక్షరాలా 30 శాతం పునరుద్ధరణ, పునర్నిర్మాణాలకు కేటాయించింది. మన రాష్ట్రాల విషయంలో ఆ కాలానికి ఇందులో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరించాలి. ఆ 30 శాతంలో మన జిల్లాకు వచ్చిందెంత, ఏ పనికి, ఎంత మిగిలింది? శాసనసభకు పోటీ చేసేవారు ఈ లెక్క సభలో అడిగి పెట్టించగలరు. పార్లమెంటుకు పోటీ చేసేవారు పడవకు పదిహేను వేలు, మేటకు పద్దెనిమిది వేలు అన్న రేట్లను మార్చమని ఢిల్లీలో అడగగలరు.

స్థానిక సంస్థలకు పోటీ చేసేవారు ‘మా చేతుల్లో ఏముంది’ అంటే నమ్మకండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు చైర్‌పర్సన్ అయితే, స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రతినిధి సహ చైర్‌పర్సన్. 31వ సెక్షన్ ప్రకారం జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలి. 41వ సెక్షన్ సహాయం, పునరావాసం, పునర్నిర్మాణం స్థానిక సంస్థల బాధ్యత అని చెబుతుంది. జిల్లా పరిషత్ పదవికి నిలబడినవారు ఆ ప్రణాళిక చదివారా, పునర్నిర్మాణం గురించి అందులో ఎన్ని పేజీలున్నాయి అని అడగండి.

ఇంకొక మాట. మేనిఫెస్టోలో ఇచ్చే హామీకి హేతువు ఉండాలని, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కోరుతోంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చేర్చిన భాగం అది. పునర్నిర్మాణం మీద హామీ ఇచ్చేవారు ఆ మేరకు కాగితం మీద పెట్టాలి.

మీ పత్రికకు మా విన్నపం ఒకటుంది. అభ్యర్థులకు ఐదే ప్రశ్నలు పంపండి: నెల తర్వాత రెండో పరిశీలన ఉంటుందా, ఫొటో పెట్టిన ఎన్ని రోజులకు విడత డబ్బు పడుతుంది, కౌలు రైతుకు సంతకం లేకుండా సాయం ఇస్తారా, డ్రెయిన్లు మే లోగా తీస్తారా, 30 శాతం నిధి లెక్క బయటపెడతారా. జవాబులను నియోజకవర్గాల వారీగా, అభ్యర్థి పేరు ఎదురుగా, పోలింగుకు వారం ముందు అచ్చు వేయండి. జవాబు ఇవ్వనివారి గడి ఖాళీగానే ఉంచండి.

ఇట్లు,
తీర జిల్లాల్లో గృహనిర్మాణం, రెవెన్యూ, వ్యవసాయ పనులు తెలిసిన కొందరు పాఠకులు